లాప్‌టాప్ డిస్క్ పదే పదే ఎందుకు పాడవుతుంది?

లాప్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ రాదు, బూట్ అయ్యే డిస్క్ లేదన్న సందేశం మాత్రమే కనిపిస్తుంది. విండోస్ మళ్లీ ఎక్కిస్తే పనిచేస్తుంది. కొన్ని వారాలకు మళ్లీ అదే తంతు. ఇలా రెండోసారి జరిగిందంటే లోపం విండోస్‌లో కాక మరెక్కడో ఉందని అనుమానించాలి.

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలాంటి ఊళ్లలో ఈ అనుమానం మరింత అవసరం. ఈ దీవులకు ప్రధాన భూభాగపు విద్యుత్ గ్రిడ్‌తో సంబంధం లేదు. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. చుట్టూ ఉప్పుగాలి, ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. విడిభాగాలు చాలావరకు సముద్రం దాటి రావాలి కాబట్టి కారణం తేలకుండా డిస్క్ మార్చడం ఖరీదైన పొరపాటు.

కరెంటు పోతే డిస్క్‌కు ఏమవుతుంది?

డిస్క్‌ను ఒక గోదాము అనుకోండి. బస్తాలు మన ఫైళ్లు. ఏ బస్తా ఎక్కడుందో రాసిన రిజిస్టరే ఫైల్ సిస్టమ్. బస్తా జరిపి, రిజిస్టర్‌లో రాస్తుండగా దీపం ఆరిపోతే లెక్క తప్పుతుంది. అందుకే విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 చేయబోయే మార్పును ముందుగా ‘జర్నల్’లో రాసుకుంటాయి. అయితే జర్నల్ ప్రధానంగా కాపాడేది రిజిస్టర్‌నే. బస్తాలోని సరుకుకు అది పూచీ పడదు.

మామూలుగా లాప్‌టాప్‌కు ఈ బెడద ఉండదు, దాని బ్యాటరీయే యూపీఎస్. కానీ బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడుస్తుంటే, కరెంటు పోయిన ప్రతిసారీ రాత మధ్యలో ఆగే ప్రమాదం ఉంటుంది.

ముందు డేటా, తర్వాతే మరమ్మతు

లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి తీసుకోండి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే రికవరీ కీ కావాలి. ఈ పని అయ్యాకే ‘చెక్‌డిస్క్’ నడపాలి. చెడిపోతున్న డిస్క్ మీద అది భారం పెంచుతుంది. పైగా రిజిస్టర్‌ను సరిచేసే క్రమంలో కొన్ని ఫైళ్లు చేజారవచ్చు.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాధనంతో డిస్క్ తన గురించి తాను రాసుకునే ‘స్మార్ట్’ నివేదిక చూడండి. సాటా డిస్క్‌లలో సాధారణంగా నాలుగు అంశాలు కీలకం. 5వది ఇప్పటికే పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క. 197, 198 చదవలేకపోతున్న సెక్టార్లవి. ఇవి పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. 199 మాత్రమే పెరుగుతుంటే డిస్క్ మంచిదే కావచ్చు. డేటా దారిలో దెబ్బతింటోందని అర్థం, కనుక కేబుల్, కనెక్టర్ చూడాలి. తేమ, ఉప్పు కలిసి లోహపు కాళ్లను తుప్పు పట్టిస్తాయి. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలలో ‘అన్‌సేఫ్ షట్‌డౌన్స్’ లెక్క ఉంటుంది. కరెంటు పోయినప్పుడల్లా అది పెరుగుతుంటే బ్యాటరీనే అనుమానించండి.

నివేదిక శుభ్రంగా ఉన్నా డిస్క్ నిర్దోషి అని తేలినట్టు కాదు. ఎస్ఎస్‌డీలు హెచ్చరిక లేకుండానే ఆగిపోవచ్చు.

చాలామంది మరిచేది ర్యామ్. అందులో ఒక్క బిట్ తారుమారైనా, డిస్క్ ఆ తప్పునే నమ్మకంగా రాసుకుంటుంది. డిస్క్ మార్చినా జబ్బు తగ్గకపోవడానికి ఇదొక కారణం. మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడపండి. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్‌ను నమ్మవద్దు.

అన్నీ బాగుండి బ్యాటరీ ఒక్కటే చచ్చి ఉంటే, ముందుగా కొనాల్సింది బ్యాటరీ. అది వచ్చేదాకా లాప్‌టాప్‌ను చిన్న యూపీఎస్ మీద నడపవచ్చు. విండోస్ మళ్లీ ఎక్కించడం ఈ వరుసలో చివరి మెట్టు.

కారణం ఏదైనా, పోతే మళ్లీ రాని ఫైళ్లకు మూడు ప్రతులు ఉంచుకోండి. వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. బ్యాకప్ డిస్క్‌ను సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టి, అప్పుడప్పుడు తీసి తెరుచుకుంటుందో లేదో చూడండి.