పాతబండిలో పాతపాట

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పమునకు ఇటీవల మేమొక పాత అంబాసిడరు కారులో ప్రయాణము చేసితిమి. కారు మా మిత్రునిది. క్రొత్తబండ్లవలె నిశ్శబ్దముగా సాగునది కాదు. ఎత్తెక్కునపుడు మూలుగును, గోతిలో పడినపుడు దాని తలుపులు తాళము వేయును. (బీగము కాదు, పాటకు వేయు తాళమే!) అయినను ముందుసీటున ముగ్గురము సుఖముగా కూర్చుంటిమి.

దీనిని స్వదేశి బండియని దేశమంతయు ఆదరించినది. నిజమునకు దీని అచ్చు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారుది. 1957 మొదలు 2014 వరకు కలకత్తా చెంతనున్న ఉత్తరపారా కర్మాగారమున ఇది తయారైనది. మంత్రులను మోసినది, పెండ్లికుమారులను మోసినది, అర్ధరాత్రివేళ గర్భిణులను ఆసుపత్రికి చేర్చినది. చెట్టుక్రింది మేస్త్రీ సయితము దానిని విప్పి మరల బిగింపగలిగెను. పరుల అచ్చున పోసిన వస్తువు మనచేతులలో నలిగి మనదైనది. ఈమాట ఖద్దరుధారులకు రుచింపకపోవచ్చును. మాకును మొదట రుచింపలేదు.

రుచించునట్లు చేసినది మదనపల్లెయే. 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసుసభలో మొదట వినబడిన ‘జనగణమన’ను, 1919 ఫిబ్రవరిలో ఈయూరి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసిన రవీంద్రుడు ఇచ్చటనే ఇంగ్లీషున వ్రాసెను. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్సుగారి సతీమణి మార్గరెట్ కజిన్సు దాని స్వరములను కాగితముపై కెక్కించెను. ఆమె ఐర్లండు వనిత, పాశ్చాత్యసంగీతమున చదువుకొన్నది. వంగకవి పాట, ఐరిష్ వనిత స్వరలేఖనము, రాయలసీమలో ఒక చిన్నపట్టణము! ఇందు పరాయివారెవరు? 1950 జనవరి 24న అది జాతీయగీతమైనది. అయిదు చరణములలో మొదటిదే నేడు మనము పాడుచున్నాము. అందుకు పట్టునది 52 సెకండ్లు. మదనపల్లె టమోటామండి పేరు దేశమంతయు ఎరుగును. ఆ మండికి వచ్చిపోవువారిలో కళాశాల ద్వారమువైపు తలత్రిప్పి చూచువారెందరు?

పుంగనూరు పొలిమేరలో డ్రైవరు క్యాసెట్టు పెట్టెను. చిత్తూరు పేరునే తన పేరునకు ముందుంచుకొన్న నాగయ్యగారి ‘త్యాగయ్య’ (1946) కీర్తనలు మొదట వచ్చినవి. పిదప ‘మల్లీశ్వరి’ (1951). కృష్ణశాస్త్రిగారి మాటలు, రాజేశ్వరరావుగారి బాణీలు, భానుమతి ఘంటసాలల గొంతులు. అరిగిన టేపులో సగము గురగురయే వినవచ్చినను డ్రైవరు ఆ లోపమును తన గొంతుతో పూరించుచుండెను. అతడు ముప్పదియేండ్లవాడు, ఆ చిత్రము వచ్చినపుడు అతని తండ్రియైనను పుట్టియుండడు.

పుంగనూరు పొట్టియావు మాకప్పుడు తలపునకు వచ్చినది. స్వస్థలమున అంతరించుటకు సిద్ధమైన ఆ జాతికి, 2024 సంక్రాంతివేళ ప్రధానమంత్రి నివాసమున మేతపెట్టిన చిత్రములు పత్రికలకెక్కినపిదప ఎక్కడలేని గిరాకి కలిగినది. పాటలకును అట్టి యోగము పట్టువరకు వేచియుండవలెనా?

కుప్పము చేరుసరికి ప్రొద్దుక్రుంకినది. ఒకవంక కన్నడసీమ, ఒకవంక తమిళసీమ. టీ కొట్టువద్ద మూడుభాషలలోను బేరములు సాగుచుండెను. అంతలో టేపు చిక్కుపడినది. డ్రైవరు కొట్టువానినడిగి పెన్సిలొకటి తెచ్చి, దీపము వెలుగున మెల్లగా చుట్టనారంభించెను. రెండవప్రక్క పాటలు ఇంకను మిగిలియున్నవి. మేమెవ్వరమును దిగుటకు తొందరపడలేదు.