ఎలుకను మింగే చేప, ఎలుగు ముందు తెగే గాలం!

పదండి, అలాస్కా వెళ్దాం! బ్రిస్టల్ బే దాపున, ఏటి ఒడ్డున ఓ చెక్క లాడ్జి. పట్టాల్సింది రెయిన్‌బో ట్రౌట్ చేప. చేతిలో ఫ్లై గాలం. వానపాము గుచ్చడం లేదు, ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టిన ఉత్తుత్తి పురుగే ఎర!

మీకు తెలుసా? అలాస్కాలో సరస్సులు, చెరువులు కలిపి 30 లక్షల పైమాటే. జనం ఏడున్నర లక్షల లోపే. తలా నాలుగు చెరువులు రాసిచ్చేయొచ్చు!

లాడ్జికి బస్సు ఎన్నింటికి అంటారా? రోడ్డుంటే కదా! నీళ్ల మీద వాలే బుల్లి విమానమే దిక్కు. వాటిలో బీవర్ విమానం తొలిసారి ఎగిరింది 1947లో. తయారీ ఆగిపోయింది 1967లో. ఇప్పటికీ ఎగురుతూనే ఉంది. మీ పైలట్ కంటే విమానానికే వయసెక్కువ కావచ్చు!

మీకు తెలుసా? కట్మాయ్ నేషనల్ పార్కులో బ్రూక్స్ క్యాంప్ అని ఒకటుంది. 1950లో చేపల వేటగాళ్ల కోసమే పెట్టారు. అక్కడ దిగగానే గాలం తీయనివ్వరు, ముందు పాఠం! ఎలుగుబంట్ల మధ్య ఎలా మసలుకోవాలో విన్నాకే అడుగు ముందుకు. పార్కులో ఎలుగులు సుమారు 2,200 మరి!

ట్రౌట్ గాలానికి పడింది, మీరు లాగుతున్నారు, అంతలో ఎలుగు అటే వస్తోంది. ఏం చేయాలి? దారం తెంపేయాలి! చేప పోయినా ఫర్వాలేదు. మనిషి దగ్గర చేప దొరుకుతుందని ఎలుగుకు తెలియకూడదు. తెలిసిందా, రోజూ వచ్చేస్తుంది!

ఆ ఎలుగులకు ఎన్నికలు కూడా ఉన్నాయి, మీకు తెలుసా? చలికాలం ముందు ఎవరు బాగా బలిశారో జనం ఆన్‌లైన్‌లో ఓటేసి తేలుస్తారు. 2014 నుంచీ ఇదే పండగ. పొట్టే ఎన్నికల గుర్తు!

ఇక అసలు కథానాయకుడు ట్రౌట్. ఏం తింటుందో తెలుసా? పురుగులేగా అనుకున్నారా! 2013లో టోగియాక్ అభయారణ్యంలో సుమారు 19 అంగుళాల ట్రౌట్ పొట్ట కోసి చూస్తే అందులో దాదాపు 20 చుంచెలుకలు! ఇది చేపనా, పిల్లినా?

అందుకే అక్కడి వేటగాళ్ల డబ్బాలో తోకతో సహా ఎలుక బొమ్మ ఉంటుంది. జింక వెంట్రుకలతో చేస్తారు. ఆ వెంట్రుకల లోపల గాలి ఉంటుంది, కాబట్టి బొమ్మ మునగదు. నీటి మీద ఈదుతున్నట్టు లాగితే చాలు, కింది నుంచి ధబేల్!

కానీ ట్రౌట్‌కు అసలు విందు పెట్టేది సాల్మన్. 2022లో బ్రిస్టల్ బేకు సముద్రం నుంచి తిరిగొచ్చిన సాకై సాల్మన్ ఎన్నో మీకు తెలుసా? 7.8 కోట్లకు పైనే! ఆ ఏడు రికార్డు కొట్టింది.

అవి గుడ్లు పెడుతుంటే ట్రౌట్ వెనకే కాచుకుని ఉంటుంది. రాలిన గుడ్డు గుటుక్కు! ఆ గుడ్డులా కనిపించేందుకు వేటగాళ్లు పూసకు ఏం పూస్తారో తెలుసా? గోళ్ల రంగు! ఏరు ఏరుకీ షేడ్ మారుతుంది. అమ్మాయిల అలంకరణ పెట్టె అక్కడ పనికొస్తుందన్నమాట!

గుడ్లు పెట్టాక సాల్మన్ చచ్చిపోతుంది. కుళ్లి విడిపోయిన ఆ మాంసం ముక్కల్నీ ట్రౌట్ వదలదు. దానికీ నకలు ఉంది, కుందేలు బొచ్చుతో చేస్తారు. ఇంకో మాట, ట్రౌట్‌కు సాల్మన్ దగ్గరి చుట్టమే! 1989లో శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్‌ను పసిఫిక్ సాల్మన్ల ప్రజాతిలో కలిపేశారు. చుట్టాల గుడ్లే ఫలహారం!

ఈ నదుల పుట్టుచోటే పెద్ద రాగి, బంగారు గని అయ్యేదని మీకు తెలుసా? పెబుల్ గని అంటారు. అమెరికా పర్యావరణ సంస్థ 2023 జనవరిలో అడ్డుకట్ట వేసింది. గని వ్యర్థాలు ఆ నీళ్లలో కలిస్తే సాల్మన్ ఉండదు, ట్రౌట్ ఉండదు, ఎలుగూ ఉండదు. అమ్మయ్య అనిపించింది!

అక్కడ ఏట్లో దిగేటప్పుడు బూట్ల అడుగున ఉన్ని లాంటి ఫెల్ట్ ఉంటే మీరు చట్టం తప్పినట్టే! రాళ్ల మీద జారకుండా అలాంటివి వేసుకునేవారు. తడి ఫెల్ట్‌లో దాక్కుని పరాయి నాచు, క్రిములు ఏరు మారతాయని అలాస్కా 2012 నుంచి మంచినీటి వేటలో నిషేధించింది. బూట్లకూ వీసా నిరాకరణ!

ఈకల ఎరల్లో మనకూ వాటా ఉంది, తెలుసా? దక్షిణ భారత అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకల మీద మైనం పూసినట్టు మెరిసే చుక్కలుంటాయి. పాతకాలపు సాల్మన్ ఫ్లైలకు అవే కన్నులు. ఆ ఈకల ఎగుమతిని భారత్ నిషేధించింది. ఈకలకు కూడా ఇంత గిరాకీయా!

గిరాకీ అంటే ఎంతనుకున్నారు? 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో ఫ్లూట్ నేర్చుకునే విద్యార్థి ఒకడు దూరి 299 పక్షి చర్మాలు ఎత్తుకెళ్లాడు. ఎందుకో తెలుసా? ఫ్లైలు కట్టేవాళ్లకు ఆ ఈకలు అమ్మడానికి!

ఆఖరి ప్రశ్న. అలాస్కాలో అతి పెద్ద రెయిన్‌బో ట్రౌట్‌ను పట్టిందెవరు? కాకలు తీరిన వేటగాడు కాదు, 1970లో 8 ఏళ్ల పిల్లాడు! సముద్రంలో పెరిగిన ఆ చేప బరువు 19 కిలోలు. 2007 దాకా ప్రపంచ రికార్డూ అదే. ఆ పిల్లాడు ముప్ఫయ్యారేళ్లకు పైగా ఛాంపియన్!