ఎలుగు తిరిగే దారిలో

ఎండలు ముదిరే వేళకు అడవిలో ఇప్పచెట్లు ఆకు రాల్చి పూత కడతాయి. ఆ పూలు చీకట్లోనే రాలతాయి. తెల్లారేసరికి చెట్టు కింద నేలంతా లేతపసుపు, గాలి నిండా మత్తెక్కించే తీపి వాసన. ఆ వాసనకు రెండు ప్రాణులు వస్తాయి. చంకన బుట్టతో మనిషి ఒక వైపు నుంచి, ముట్టె ఎత్తి గాలిని పసిగడుతూ ఎలుగుబంటి ఇంకో వైపు నుంచి. తెలతెలవారే వేళే ఇద్దరికీ అనుకూలం. ఇద్దరూ తలవంచుకునే పూలేరుకుంటారు. ఎలుగుబంటి దాడులు చాలాసార్లు ఆ వంచిన తలల దగ్గరే మొదలవుతాయి. ఒకరి రాక ఒకరికి తెలిసేసరికి మధ్యలో నాలుగడుగుల దూరమే మిగులుతుంది.

ఎలుగు మనిషిని తినడానికి రాదు. ఉలిక్కిపడి కొడుతుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టించుకుంటే, దాన్నుంచి ప్రాణం కాపాడుకునే మార్గాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

పుట్ట కోసం పుట్టిన దేహం

ప్రపంచంలో ఎలుగుబంట్లు 8 జాతులు. వాటిలో చెదలు, చీమలనే ముఖ్యమైన తిండిగా చేసుకుని బతికేది మన ఎలుగే. భారతదేశం, శ్రీలంక, నేపాల్ దాని ఇల్లు. ఒళ్లంతా నల్లటి జడలు కట్టిన బొచ్చు, రొమ్ము మీద తెల్లటి వంపు గీత, పాలిపోయిన మూతి. బాగా ఎదిగిన మగది 100 కిలోలు దాటుతుంది.

అది చెదపుట్ట మీద పనిచేసే తీరు చూసి తీరాల్సిన వింత. ముందు గట్టిగా ఊపిరి పీల్చి లోపల చెదలున్నాయో లేదో వాసన పడుతుంది. ఉన్నాయనుకుంటే గడ్డపారకు కూడా లొంగని ఎర్రమట్టిని ముందరి కాళ్లతో పెళ్లగిస్తుంది. కొంకి తిరిగిన ఆ గోళ్లు మన వేలంత పొడవుంటాయి. బిలం తెరుచుకోగానే మూతి ఆనించి ఫూ అని ఊది దుమ్ము చెదరగొడుతుంది. తర్వాత ముక్కుపుటాలు మూసేసుకుంటుంది, పొడవాటి పెదవులను గొట్టంలా చాపుతుంది, పైదవడ ముందుపళ్లు రెండు లేని ఆ ఖాళీ గుండా చెదలను లోపలికి లాగేస్తుంది. కొలిమి తిత్తిలా ఊదడం, పీల్చడం, మళ్లీ ఊదడం. ఆ చప్పుడు నిశ్శబ్దమైన రాత్రిలో 100 మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది.

తల్లి ఎలుగు పిల్లలను వీపున ఎక్కించుకుని తిరుగుతుంది. చలికాలంలో గుహలోనో బొరియలోనో ఈనిన ఒకటి రెండు పిల్లలు, బయటికొచ్చాక నెలల తరబడి తల్లి జడలు పట్టుకుని స్వారీ చేస్తాయి. ఎలుగు జాతుల్లో ఇంత అలవాటుగా పిల్లలను మోసే తల్లి ఇంకెక్కడా లేదు.

ఈ వింతల్లోనే మనకు ముప్పు కూడా దాగి ఉంది. మూతి పుట్టలో పెట్టి, తన ఊపిరి హోరు తన చెవుల్లోనే మోగుతుంటే, మన అడుగుల సవ్వడి దానికి ఆలస్యంగా చేరుతుంది. చూపు అంత చురుకు కాదు. ముక్కు అమోఘమే కానీ, గాలి దాని వైపు నుంచి మన వైపు వీస్తుంటే ఆ ముక్కూ పనిచేయదు. తల ఎత్తేసరికి మనిషి ఎదురుగా ఉంటాడు. మట్టిని చీల్చడానికి ఏర్పడిన గోళ్లు మన ముఖం మీద పడతాయి.

పులికి ఎదురు నిలిచిన జాతి

పారిపోవచ్చు కదా, ఎందుకు మీద పడుతుంది? జవాబు వేల తరాల వెనక ఉంది. ఎలుగు బతికిన నేల చాలా మేరకు పులి తిరిగిన నేలే. పులికి వెన్ను చూపి పరిగెత్తిన ఎలుగు దక్కదు. చెట్టెక్కినా గట్టి భరోసా లేదు. లేచి నిలబడి, భీకరంగా అరిచి, ముందుగా మీదికి దూకిన ఎలుగే బతికి పిల్లలను కన్నది. పిల్లలు వీపు మీదే ఉన్న తల్లికి అయితే పారిపోయే దారే ఉండదు. దగ్గరలో హఠాత్తుగా ఏది కదిలినా పులే అన్నంత తెగింపుతో అది తిరగబడుతుంది.

జీడితోటల్లో

ఎలుగు ఇలా తిరగబడే సంగతి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వైపు సముద్రానికీ గుట్టలకూ మధ్య జీడిమామిడి, కొబ్బరి, పనస తోటలు పరుచుకుని ఉంటాయి. పగలు గుట్టల్లో, తుప్పల్లో పడుకున్న ఎలుగులు పొద్దు వాలాక తోటల్లోకి దిగుతాయి. పండిన జీడిమామిడి, పగిలిన పనస వాటికి విందు. జీడిగింజలు ఏరడానికి రైతులు, కూలీలు వేకువనే బయల్దేరతారు. ఇప్పచెట్టు కింద జరిగే కథే ఇక్కడ జీడిచెట్టు కింద జరుగుతుంది.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఎలుగు ఒకరి ప్రాణం తీసింది, మరికొందరిని తీవ్రంగా గాయపరిచింది. చివరికి అటవీ సిబ్బంది దానికి మత్తుమందిచ్చి పట్టుకున్నారు. విశాఖ జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్తుండగా దారిలోనే అది చనిపోయింది. ఒక ఇంటికి తీరని శోకం, ఎన్నో ఇళ్లకు ఆస్పత్రి పాట్లు, ఒక వన్యప్రాణి మరణం. మనిషీ ఎలుగూ ఒకరి తోవలో ఒకరు పడితే నష్టం ఇద్దరిదీ.

అలికిడే ఆయుధం

ఉలికిపాటే దాడికి మూలమైతే, ఉలిక్కిపడనివ్వకపోవడమే మొదటి రక్షణ. ఎలుగులు తిరిగే చోట మాట్లాడుకుంటూ నడవండి. పాట వస్తే పాడండి. కర్రకు గజ్జెలు కట్టి నేలకు కొడుతూ వెళ్లండి. దూరం నుంచే మన రాక తెలిస్తే ఎలుగు తనంతట తానే తప్పుకుంటుంది.

ఒంటరిగా వెళ్లొద్దు. నలుగురి గుంపు మీదికి రావడానికి ఎలుగు జంకుతుంది. 2023లో తిరుమలకు వెళ్లే అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని బలిగొన్నాక, తిరుమల తిరుపతి దేవస్థానం నడక భక్తులకు చేతికర్రలిచ్చింది, గుంపులుగా వెళ్లమంది. ఆ దారి పక్కన ఎలుగులు కూడా కెమెరాల కంటపడ్డాయి. గుంపుగా గోవిందనామం పలుకుతూ మెట్లెక్కే అలవాటు భక్తితో పాటు భద్రత కూడా ఇస్తుంది.

వేకువజామునా, సందె చీకట్లోనూ తోటకు వెళ్లక తప్పకపోతే టార్చిలైటు ఉండాలి. అప్పుడే తవ్విన పుట్ట, గోటి గాట్లున్న చెట్టు మాను, పండ్ల గింజలు కలిసిన నల్లటి పెంట కనిపిస్తే ఆ పక్కకు పోకండి. బండరాళ్ల సందుల్లోకి, దట్టమైన తుప్పల్లోకి చూసుకోకుండా చొరబడకండి. బహిర్భూమికి చీకట్లో చెరువుగట్టుకో తుప్పల చాటుకో ఒంటరిగా వెళ్లాల్సి రావడం ఎలుగులున్న ఊళ్లలో ప్రాణం మీదికి తెస్తుంది. అక్కడ ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టడమంటే ప్రాణాలు కాపాడడమే.

ఎదురుపడితే

దూరంలో ఉండి అది మిమ్మల్ని చూడకపోతే, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి మళ్లండి. చూసి రెండు కాళ్ల మీద లేచి నిలబడితే హడలిపోకండి. మనం ఎవరమో, ఏమిటో తెలుసుకోవడానికి అది చూస్తోంది, వాసన పడుతోంది. దాని మీద కన్ను వేసి ఉంచి, నెమ్మదైన గొంతుతో మాట్లాడుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేయండి. పిల్లలుంటే దగ్గరికి తీసుకోండి. రాళ్లు రువ్వకండి. ఫోను తీసి ఫొటోకు ముందుకు జరగకండి. ఎట్టి పరిస్థితుల్లోనూ పరిగెత్తకండి. మనిషి కన్నా ఎలుగు వేగంగా పరిగెత్తుతుంది, రాళ్లూరప్పల్లో ఇంకా సులువుగా.

మీదికే వచ్చేస్తే, గుంపుగా ఉన్నవాళ్లు ఒకరినొకరు ఆనుకుని నిలబడి, కర్రలు ముందుకు చాచి, ఒక్క గొంతుతో కేకలు వేయాలి. ఒంటరిగా చిక్కి దెబ్బ తప్పదనిపించిన క్షణంలో బోర్లా పడుకోవాలి. ముఖం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లు మెడ వెనక పెనవేసి, మోచేతులతో చెంపలు కప్పుకోవాలి. వీపున సంచి ఉంటే ఉండనివ్వాలి. ఎలుగు గురి చాలాసార్లు తల మీదా ముఖం మీదా ఉంటుంది. కళ్లు, గొంతు, మెడ దక్కితే మనిషి దక్కుతాడు. అది వెళ్లిపోయిందని తెలిశాక కూడా కాసేపు కదలకుండా ఉండి, అప్పుడు లేవాలి.

ఆ కథలో సగం నిజం

అడవిదారిన పోతున్న ఇద్దరు మిత్రుల కథ మనమంతా చిన్నప్పుడు విన్నదే. ఒకడు చెట్టెక్కేశాడు, ఇంకొకడు ఊపిరి బిగబట్టి శవంలా పడుకున్నాడు, ఎలుగు వాసన చూసి వెళ్లిపోయింది. కదలకుండా పడుకోవడం మేలు చేసే మాట నిజం. పడుకున్నవాడి వల్ల ఇక ప్రమాదం లేదని ఎలుగుకు అనిపించడమే అందుకు కారణం. చెట్టెక్కడం మాత్రం నమ్ముకోదగ్గ ఉపాయం కాదు. తేనెపట్టు కోసం మానులెక్కే ఎలుగుకు చెట్టు కొత్త కాదు. కథలో ఇద్దరూ విడిపోయారు. అడవిలో మాత్రం ఇద్దరూ కలిసి నిలబడి అరిచినప్పుడే దక్కే అవకాశం ఎక్కువ. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ మాట కూడా కలిపి చెబుదాం.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చూడబోయేటప్పుడు అక్కడి నియమాలు వేరని గుర్తుంచుకోవాలి. ఎలుగుకు 100 గజాల లోపలికి వెళ్లకూడదు. మిరపఘాటుతో చేసిన బేర్ స్ప్రే చేతికందేలా ఉంచుకోవాలి. గ్రిజ్లీ అనే అక్కడి ఎలుగు హఠాత్తుగా ఎదురుపడి మీద పడితే బోర్లా పడుకోమంటారు. అక్కడి నల్ల ఎలుగు దాడి చేస్తే తిరగబడమంటారు. జాతిని బట్టి జాగ్రత్త మారుతుంది.

దెబ్బ తగిలాక

తల గాయం నుంచి నెత్తురు ధారగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. ఊడిన చర్మాన్ని కోసి పారేయకూడదు, ఉన్నచోటే కప్పి కట్టాలి. 108కి ఫోన్ చేయాలి. నెత్తురు అదుపులోకి వచ్చాక గాయాన్ని సబ్బునీళ్లతో ధారాళంగా కడగాలి. పసరు, పసుపు, కారం పెట్టొద్దు. ఆస్పత్రిలో ధనుర్వాతం టీకాతో పాటు రేబిస్ టీకా కూడా అడిగి వేయించుకోవాలి. ఎలుగు కరిచినా ఆ టీకా అవసరమే.

ఒకే తోట, ఇద్దరు హక్కుదారులు

ఎలుగు తిని విసర్జించిన గింజల నుంచి అడవిలో రేల, నేరేడు, తునికి మొలకెత్తుతాయి. పుట్టలు తవ్వి నేలను తిరగేస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో ఉంచి గట్టి రక్షణ కల్పించింది. అయినా దాని గుట్టలు తరిగిపోతున్నాయి, నీటి చెలమలు ఎండిపోతున్నాయి. ఊరి చివర పడేసిన కుళ్లిన పండ్లు, ఎంగిళ్లు దాన్ని ఇళ్ల దాకా పిలుస్తున్నాయి.

తోటలోకి ఎలుగు వచ్చిందని తెలిస్తే వందమంది కర్రలతో చుట్టుముట్టడం అందరికన్నా మనకే ఎక్కువ ప్రమాదం. తప్పించుకునే దారి మూసుకుపోయిన ఎలుగు దొరికినవాడి మీద పడుతుంది. దాని దారి దానికి వదిలి, జనాన్ని దూరంగా ఉంచి, అటవీశాఖకు కబురు పెట్టాలి. పంట నష్టపోయినవాళ్లకు, గాయపడినవాళ్లకు పరిహారం ఆలస్యం లేకుండా అందాలి. అడవిని కాపాడే భారమంతా గుట్ట పక్కన కాపురమున్న పేదవాడి నెత్తిన వేసి, మిగిలినవాళ్లం ఎలుగు బొమ్మలు చూసి ముచ్చటపడితే అది న్యాయం కాదు. గుట్ట మీద దానికి నీళ్లూ పండ్లూ మిగలాలి, గుట్ట కింద కూలికెళ్లే మనిషికి వెలుతురూ తోడూ ఉండాలి. ఈ రెండూ చేయగలిగితే ఇద్దరూ బతుకుతారు.