చెక్క కంచెకు రంగు చివరి పని

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో తెలుగువాళ్ళు కొనుక్కున్న ఇళ్ళలో చాలావాటికి పెరటి చుట్టూ ఆరడుగుల చెక్క కంచె ఉంటుంది. కొత్తలో తేనె రంగులో మెరిసిన ఆ పలకలు రెండు మూడు ఎండాకాలాలు దాటేసరికి బూడిద రంగుకు తిరుగుతాయి. గడ్డికి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ ఎదురుగా ఉన్నచోట మాత్రం తీరు వేరు. అక్కడ నేల నుంచి మోకాలి ఎత్తు దాకా విసనకర్ర ఆకారంలో నల్లటి మరక, దాని అంచున తెల్లటి ఉప్పు చార, ఇంకాస్త వంగి చూస్తే పలక అడుగున పచ్చటి పాకుడు కనిపిస్తాయి. ఇంటాయన కళ్ళు బూడిద రంగు మీద పడతాయి. వెంటనే రంగు డబ్బాల ధర వాకబు చేస్తాడు. నిజానికి ఆయన ముందు చూడాల్సింది ఆ నల్లటి మరకను.

బూడిద రంగుతో కంచెకు జరిగే నష్టం చాలా తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పీచును అంటిపెట్టుకుని ఉండే లిగ్నిన్ అనే పదార్థాన్ని విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, వెలిసిపోయిన పీచు పైన మిగులుతుంది. ఇదంతా పైపొరలో జరిగేదే. అమెరికా ప్రభుత్వానికి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో 1910 నుంచి నడుస్తున్న అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ఉంది. దాని లెక్క ప్రకారం ఆరుబయట వదిలేసిన పైన్ లాంటి కలప అరిగేది నూరేళ్ళకు సుమారు 6 మిల్లీమీటర్లు. కంచెలకు ఎక్కువగా వాడే వెస్టర్న్ రెడ్ సెడార్ లాంటి తేలిక కలపైతే 12 మిల్లీమీటర్ల దాకా అరుగుతుంది. అంటే ఒక్క ఎండే కంచెను తినెయ్యాలంటే తరాలు పడుతుంది.

తేమ అలా కాదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంత కాలం దాన్ని పుచ్చిపోయేలా చేసే శిలీంధ్రం ఎదగలేదు. 30 శాతానికి చేరి అక్కడే నిలిచిందంటే మాత్రం దానికి పండగే. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా కొన్నేళ్ళలో గుంజ మొదలు పొడిపొడిగా రాలుతుంది.

అందుకే పని గుంజల మొదళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. నేలకు సరిగ్గా ఆనుకున్న చోటనే చెక్కకు తేమా గాలీ రెండూ అందుతాయి, పుచ్చు పట్టేది అక్కడే. మట్టిని నాలుగు వేళ్ళ లోతు పక్కకు లాగి, స్క్రూడ్రైవర్ మొనతో గుంజను గట్టిగా పొడవాలి. మొన ఆగితే కర్రలో చేవ ఉన్నట్టు. వేలెడు లోతు దిగబడి, తీసేటప్పుడు పిప్పిలాంటి ముక్కలు వెంట వస్తే ఆ గుంజకు రంగు వెయ్యడం వృథా, మార్చాల్సిందే. ఉత్తర టెక్సాస్ నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే రకం కాబట్టి గుంజలు ఒరిగిపోవడం అక్కడ మామూలు. ఈ బాధ పడలేక చాలామంది చెక్క గుంజల బదులు గాల్వనైజ్డ్ ఇనుప గొట్టాలు పాతించుకుంటున్నారు. ఏది పాతినా గొయ్యి తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యాలి. గ్యాసు, కరెంటు, నీళ్ళ లైన్లు భూమిలో ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి గుర్తులు పెట్టి వెళతారు.

ఆ తర్వాత పలకల అడుగు చూడాలి. మట్టి, పూలమొక్కల చుట్టూ పరిచిన చెక్క పొట్టు, ఎండుటాకులు పలకకు తగులుతుంటే తీసెయ్యాలి. కింద రెండంగుళాల ఖాళీ ఉంటే చాలు, పలక తడిసినా ఆరిపోతుంది. స్ప్రింక్లర్ ముక్కును కంచె వైపు నుంచి గడ్డి వైపు తిప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. కంచె ఆయుష్షు పెంచడంలో ఆ ఐదు నిమిషాలకు సాటివచ్చే రంగు ఏ దుకాణంలోనూ లేదు.

మేకుల కింద నల్లటి కన్నీటి చారలు కనబడితే అది బూజు కాదు. సెడార్‌లో ఉండే టానిన్ ఇనుముతో కలిసి ఆ నలుపు వస్తుంది. మామూలు మేకులు తీసి, బాగా జింకుపూత ఉన్నవో స్టెయిన్‌లెస్ స్టీలువో కొడితే మళ్ళీ రాదు. ఉన్న చారను ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం పోగొడుతుంది. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

పాత రంగు గీకాల్సి వస్తే ఒక జాగ్రత్త. అమెరికాలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇల్లయితే పాత రంగును పొడిగా గీకడం, సాండ్ పేపర్ పట్టడం పిల్లలున్న ఇంట్లో ప్రమాదం. ఆకుపచ్చ ఛాయలో ఉండే ట్రీటెడ్ పైన్ కలప సంగతీ అంతే. 2003 చివరి దాకా ఇళ్ళ కోసం అమ్మిన ఆ రకంలో ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించేవారు. అంత పాత పలకలను కోసినా, గీకినా ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పొయ్యిలో పెడితే విషపు పొగ వస్తుంది. మన దేశంలో రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. పాత టేకు గేటుకో దర్వాజాకో మళ్ళీ రంగు వేయించే హైదరాబాద్, విజయవాడ ఇళ్ళవాళ్ళకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

కడగడానికి చాలామంది ప్రెషర్ వాషర్ అద్దెకు తెస్తారు. అది పనిముట్టే కానీ, సెడార్ లాంటి మెత్తటి చెక్కకు దగ్గరగా పెట్టి కొడితే పీచు లేచిపోయి పలక నూగుపట్టినట్టు తయారవుతుంది. ఒత్తిడి 1,500 పీఎస్ఐ లోపు ఉంచి, వెడల్పు ముక్కుతో, అడుగు దూరం నుంచి కొట్టాలి. అంతకంటే మేలైనది, నీళ్ళలో కలిపే ఆక్సిజన్ బ్లీచ్ పొడి. దాన్ని పట్టించి పావుగంట తడి ఆరకుండా ఉంచి, మెత్తటి బ్రష్షుతో రుద్ది కడిగేస్తే బూడిద పొర, పాకుడు రెండూ వదులుతాయి. మామూలు క్లోరిన్ బ్లీచ్ చెక్క పీచునూ పక్కన ఉన్న మొక్కలనూ దెబ్బతీస్తుంది. కడిగాక కనీసం రెండు రోజులు మంచి ఎండలో ఆరనివ్వాలి. పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూస్తే తెలిసిపోతుంది. నిమిషంలోపు ఇంకిపోతే చెక్క పూతకు సిద్ధం, పూసల్లా నిలబడితే పాత పూత ఇంకా ఉన్నట్టే లేదా చెక్క ఇంకా తడిగా ఉన్నట్టు.

ఇక రంగా, స్టెయినా? గరుకు సెడార్ కంచెకు నూనె ఆధారిత, చెక్క గీతలు కనిపించే స్టెయిన్‌దే పైచేయి. రంగు చెక్క పైన పొరగా నిలబడుతుంది. ఆ పొరకు ఎక్కడో పగులు రాగానే నీళ్ళు లోపలికి దిగి, బయటికి రాలేక, పొరను పొట్టులా ఎగదంతాయి. మళ్ళీ వెయ్యాలంటే అదంతా గీకాలి. స్టెయిన్ చెక్కలోకి ఇంకుతుంది, కాలక్రమంలో వెలిసిపోతుందే తప్ప పెచ్చులుగా లేవదు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో కడిగి పైన మరో పూత వేస్తే సరి. స్వీడన్ పల్లెల్లో ఇళ్ళకు పూసే ఎర్ర రంగు కథ కూడా ఇదే. ఫాలున్ రాగి గని వ్యర్థం నుంచి తీసిన ఎరుపును నీళ్ళలో, రై పిండితో, అవిసె నూనెతో ఉడికించి పూస్తారు. అది పెచ్చులూడదు, సున్నంలా మెల్లగా రాలుతుంది. బ్రష్షుతో దులిపి మళ్ళీ పూస్తారు.

పొడవైన కంచెకు లెక్క వేసుకోకపోతే పని మధ్యలో డబ్బాలు అయిపోతాయి. 200 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు ఉంటే ఒక వైపు 1,200 చదరపు అడుగులు, రెండు వైపులా 2,400. గరుకు చెక్క మీద ఒక గాలన్ స్టెయిన్ 150 చదరపు అడుగులకు వస్తుందనుకుంటే 16 గాలన్లు, అంటే సుమారు 60 లీటర్లు కావాలి. మార్క్ ట్వైన్ 1876లో రాసిన టామ్ సాయర్‌లోని ప్రసిద్ధ కంచె 30 గజాల పొడవు, 9 అడుగుల ఎత్తు. నండూరి రామమోహనరావు అనువాదంలో చదివిన తెలుగు పిల్లలకు ఆ సున్నం బక్కెట్టు గుర్తుండే ఉంటుంది. ఆ కంచె ఒక్క వైపే 810 చదరపు అడుగులు. టామ్ తన తోటి పిల్లలతో దానికి మూడు పూతలు వేయించాడు. చేతులు ఎక్కువ ఉంటే పొడవు కంచె ఒక్క పూటలో అయిపోతుందన్నది కథలోనే కాదు, పెరట్లోనూ నిజమే.

అయితే కంచె మొత్తం ఒకే వారాంతంలో పూర్తి చెయ్యాలన్న పట్టు అక్కర్లేదు. ఎండ దంచికొట్టే దక్షిణం, పడమర వైపులు ముందు వెలుస్తాయి. ఈ ఏడు అవి, వచ్చే ఏడు మిగతావి వేసుకోవచ్చు. మూల దగ్గరో గేటు దగ్గరో ఆపితే ఛాయ తేడా కంటికి ఆనదు. వేసేటప్పుడు పలక పై కొస నుంచి అడుగు దాకా ఒకే ఊపున పూయాలి, మధ్యలో ఆపితే అతుకు మరక పడుతుంది. పలకల కోసిన కొసలకు రెండోసారి తాగించాలి, నీళ్ళు ఎక్కువగా పీల్చేది అక్కడే. డాలస్ వైపు ఏప్రిల్, అక్టోబరు నెలలు ఈ పనికి అనువైనవి. ఎండ కంచె మీద నేరుగా పడే వేళ మాత్రం వద్దు.

పని అయ్యాక నూనె స్టెయిన్ అంటిన గుడ్డలను ఉండచుట్టి గ్యారేజీలో పడెయ్యడం ప్రాణాంతకం. అవిసె నూనె లాంటి ఆరే నూనెలు గాలితో కలిసి వేడెక్కుతాయి, ఉండలో ఆ వేడి బయటికి పోలేక అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకుంటుంది. ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాకు 1991 ఫిబ్రవరి 23న నిప్పంటుకున్నది అలా వదిలేసిన అవిసె నూనె గుడ్డల వల్లే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టాలి.

డబ్బా కొనే ముందు కాలనీ సంఘం ఏ ఛాయలకు అనుమతి ఇస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి, ఉమ్మడి కంచె అయితే పక్కింటివాళ్ళతో మాట్లాడండి. వేశాక డబ్బా మీది ఛాయ పేరు, సంఖ్య, వేసిన నెల, పట్టిన గాలన్లు ఒక చీటీ మీద రాసి గ్యారేజీ గోడకు అంటించండి. మూడేళ్ళ తర్వాత అదే ఛాయ వెతుక్కునేటప్పుడు పనికొచ్చేది ఆ చీటీయే.