గీత మీద బంతి.. మాట మీద ఆట

సాయంకాలపు బాల్ బ్యాడ్మింటన్ లీగ్‌లకు నియమాలెంత ముఖ్యమో మర్యాదలూ అంతే ముఖ్యం

కంచికచర్ల: స్కోరు 28-28. ఇక ఒక్క పాయింటు చాలు, గేము ఎవరిదో తేలిపోతుంది. వెనుక వరుస ఆటగాడు బలంగా కొట్టిన పసుపు ఉన్ని బంతి సున్నపు గీత దగ్గర దుమ్ము లేపింది. ‘లోపల’ అంటూ ఒక జట్టు చేతులెత్తింది. ‘బయట’ అంటూ రెండో జట్టు కేకలేసింది. స్తంభం పక్కన నిలబడిన ఒకే ఒక్క అంపైరుకు అవతలి మూల సరిగా కనిపించలేదు. పది మందీ నెట్ దగ్గరకు చేరారు. ఆట గురించి మొదలైన మాట ఊరి మీదికి, ఇంటి పేరు మీదికి పోయింది. మర్నాడు ఐదుగురు రాలేదు. మరుసటి వారం నెట్ కట్టేవారే లేకపోయారు.

ఇది ఏ ఒక్క ఊరి కథా కాదు. పల్లెల్లో ఉత్సాహంగా మొదలయ్యే సాయంకాలపు లీగ్‌లు చాలావరకు ఇలాగే ముగుస్తాయి. డబ్బు లేక ఆగిపోయేవాటి కన్నా మాట పట్టింపుతో ఆగిపోయేవే ఎక్కువ. నియమాలు అందరికీ తెలిసినవే. నియమం చేరలేని చోట ఎలా నడుచుకోవాలో ముందే అనుకోకపోవడమే అసలు లోపం. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల ప్రాంతాల్లో సంక్రాంతి సెలవులకో, వేసవికో లీగ్ నడపాలనుకునే యువజనులు, వ్యాయామ ఉపాధ్యాయులు ఈ రెండింటినీ కలిపి చూడవలసి ఉంది.

తంజావూరు నుంచి తెలుగునాటికి

బాల్ బ్యాడ్మింటన్ మన దేశంలోనే పుట్టిన ఆట. తంజావూరు రాజకుటుంబం 1856 ప్రాంతంలో దీనిని ఆడినట్లు చెబుతారు. అక్కడి నుంచి దక్షిణాది అంతటా వ్యాపించింది. భారత బాల్ బ్యాడ్మింటన్ సమాఖ్య 1954లో ఏర్పడింది. ఈ ఆటకు తెలుగువారు ఇచ్చిన గొప్ప పేరు జమ్మలమడక పిచ్చయ్య. వరంగల్‌లో స్థిరపడిన ఆయన 1970లో అర్జున పురస్కారం అందుకున్నారు. 2021 డిసెంబరులో 103 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ ఆట పల్లెల్లో పాతుకుపోవడానికి కారణం సులువైనదే. పెద్ద మైదానం అక్కరలేదు. కప్పున్న హాలు అవసరం లేదు. షటిల్ చిన్నపాటి గాలికే దారి తప్పుతుంది. ఉన్ని బంతి కొంత బరువు ఉంటుంది కాబట్టి ఆరుబయట కూడా నిలుస్తుంది. ఒక నెట్, రెండు స్తంభాలు, ఒక బంతి, పది బ్యాట్లు ఉంటే సాయంత్రం గడిచిపోతుంది. క్రికెట్, వాలీబాల్, షటిల్ ముందుకు రావడంతో ఈ ఆట వెనుకబడిన మాట నిజమే. ఉన్న కొద్దిపాటి జట్లు కూడా గొడవలతో చెదిరిపోతే ఈ తరానికి అందేది ఏమీ మిగలదు.

కోర్టు, బంతి, లెక్క

కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. మధ్యలో కట్టే నెట్ ఎత్తు దాదాపు ఆరడుగులు. నెట్‌కు రెండు వైపులా మీటరు దూరంలో గీసేది క్రీజు గీత. బంతి పసుపు ఉన్నితో చేసినది. బరువు 30 గ్రాములకు మించదు. ఫైవ్స్ పోటీలో జట్టుకు ఐదుగురు ఆడతారు. సాధారణంగా ముందు ఇద్దరు, మధ్యలో ఒకరు, వెనుక ఇద్దరు నిలబడతారు. డబుల్స్ పోటీ కూడా ఉంది.

సర్వీసును చేతిని కిందినుంచి ఊపుతూ చేయాలి. బ్యాట్‌కు తగిలేటప్పుడు బంతి నడుము కన్నా కింద ఉండాలి. అది ఐమూలగా వెళ్లి అవతలి క్రీజు గీత దాటి పడాలి. క్రీజు గీత మీద పడినా, గీతకు ఇవతల పడినా తప్పే. వాలీబాల్‌లో మాదిరిగా ముగ్గురు అందించుకుని కొట్టడం ఇక్కడ కుదరదు. వచ్చిన బంతిని ఒకే ఒక్క దెబ్బతో అవతలికి పంపాలి. రెండు దెబ్బలు తగిలితే పాయింటు పోయినట్లే.

మూడు గేముల్లో రెండు గెలిచినవారే విజేతలు. చాలా కాలం గేముకు 29 పాయింట్ల లెక్క నడిచింది. ఇటీవలి జాతీయ పోటీల్లో 35 పాయింట్ల వరకు ఆడుతున్నారు. చీకటి పడేలోపు ముగియవలసిన ఊరి లీగ్‌కు 29 పాయింట్ల లెక్క అనువుగా ఉంటుంది. ఏ లెక్కయినా ఫరవాలేదు గాని, లీగ్ మొత్తానికి ఒకటే ఉండాలి. అది మొదటి రోజే కాగితం మీద ఉండాలి. ఫైనల్ రోజు లెక్క మార్చడం తగవుకు పిలుపు.

అంపైరు కంటికి అందనివి

ఈ ఆటలో కొన్ని తప్పులు చేసిన ఆటగాడికి తప్ప మరొకరికి తెలియవు. బయటకు పోతున్న బంతి బ్యాట్ అంచును వెంట్రుకవాసి తాకుతుంది. చొక్కా అంచుకో, మోచేతికో తగిలి కింద పడుతుంది. ఒకే బంతికి ఇద్దరు ఆటగాళ్లు చేయి చాపినప్పుడు వారి బ్యాట్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. నెట్ దగ్గర స్మాష్ కొట్టే తొందరలో బ్యాట్ అవతలికి పోతుంది. ఇవన్నీ తప్పులే. జాతీయ పోటీల్లో గీతల దగ్గర కూడా మనుషులను నిలబెడతారు. ఊళ్లో ఆ అంపైరు కూడా సాధారణంగా మరో జట్టు ఆటగాడే.

అందుకే లీగ్ మొదటి మర్యాద ఇది. తగిలిందని తనకు తెలిసిన ఆటగాడు ఎవరూ అడగకముందే చేయి ఎత్తాలి. ‘నాకు తగిలింది’ అని చెప్పాలి. అలా చెప్పినవాడిని సొంత జట్టువారు నిందించకూడదు. ఒక పాయింటు పోయినందుకు కెప్టెన్ కసురుకుంటే, ఆ జట్టులో మరుసటిసారి నిజం చెప్పేవారు ఉండరు. నిజం చెప్పినవారిని మందలించని కెప్టెనే లీగ్‌కు అసలైన అంపైరు.

మంచు మీద రాళ్ల ఆట నేర్పే పాఠం

ఇది పల్లెటూరి అమాయకపు కోరిక కాదనడానికి శీతాకాల ఒలింపిక్స్‌లో ఆడే కర్లింగ్ మంచి ఉదాహరణ. స్కాట్లాండ్‌లో పుట్టిన ఈ ఆట 1998 నాగానో క్రీడల నుంచి పతకాల జాబితాలో ఉంది. నలుగురేసి ఆటగాళ్ల రెండు జట్లు దాదాపు 20 కిలోల బరువుండే నల్లరాతి గుండ్లను మంచు మీద జార్చి, అవతల గీసిన వలయాల మధ్యకు చేర్చాలి. ముందు పరుగెత్తేవారు చీపురు లాంటి బ్రష్‌లతో మంచును రుద్దుతూ రాయికి దారి చూపుతారు. అలా రుద్దేటప్పుడు బ్రష్ గాని, పాదం గాని కదిలే రాయిని తాకితే తప్పు. తాకిన ఆటగాడు తానే ఆ మాట చెప్పడం అక్కడి సంప్రదాయం.

ఆ ఆటలో లెక్క తేల్చేది కూడా ఆటగాళ్లే. ఒక్కో విడత ముగిశాక రెండు జట్ల ఉపసారథులు వలయం దగ్గర నిలబడి ఎవరి రాయి నడిమికి దగ్గరగా ఉందో మాట్లాడుకుంటారు. ఇద్దరికీ కుదరకపోతేనే కొలత పరికరం వస్తుంది. ఆటకు ముందూ తర్వాతా చేతులు కలుపుతారు. అన్యాయంగా గెలవడం కన్నా ఓడిపోవడమే మేలన్న భావనను తమ నియమావళికి ముందుమాటగా పెట్టుకున్నారు. వినోదం కోసం ఆడే క్లబ్బుల్లో గెలిచిన జట్టు ఓడినవారిని కూర్చోబెట్టి మర్యాద చేయడం వాడుక. పతకం కోసం పోటీపడేవారు పాటించే పద్ధతి, సాయంత్రం సరదాకు ఆడేవారికి అసాధ్యమేమీ కాదు.

గీత దగ్గర ఎవరి మాట?

గీతల తగవుకు సగం మందు గీతలోనే ఉంది. నల్లరేగడి నేల ఎండితే పగుళ్లు తీస్తుంది. గీత చెదురుతుంది. గ్రావెల్ పోసి, తడిపి, రోలర్ తిప్పిన కోర్టు మీద ప్రతి సాయంత్రం ఆటకు ముందు సున్నంతో గీతలు దిద్దాలి. చెదిరిన గీత మీద న్యాయం చెప్పడం ఎవరి తరమూ కాదు.

మిగతా సగానికి రెండు కట్టుబాట్లు చాలు. బంతి ఏ జట్టు కోర్టులో పడిందో ఆ జట్టు మాటే చెల్లాలి. ఎందుకంటే వారే దగ్గర ఉన్నారు. ఆ హక్కుతో పాటు ఒక బాధ్యత కూడా ఉంది. కచ్చితంగా చూడకపోతే సందేహపు లాభాన్ని ఎదుటివారికి ఇవ్వాలి. ఆట ఆడుతున్నప్పుడు హద్దు గీతను తాకిన బంతి లోపలిదే అన్న మాట ముందే రాసుకోవాలి. ప్రేక్షకుల సాక్ష్యం అడగకూడదు. టీ కొట్టు దగ్గరి నుంచి వచ్చే తీర్పులు తగవును పెంచుతాయే తప్ప తేల్చవు.

కాలం, పని, పిలుపు

పశ్చిమ కృష్ణాగా పేరున్న ఈ మెట్ట ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా వ్యవసాయ పంచాంగం మారలేదు. పత్తి తీత, మిరప కోత, కల్లాల్లో కాయ ఎండబెట్టడం.. వీటి మధ్యనే ఆటకు తీరిక దొరకాలి. కల్లం దగ్గర కావలి ఉన్నవాడు ఆలస్యంగా రావడం నేరం కాదు. కబురు చేయకపోవడమే తప్పు. రాలేకపోతే మధ్యాహ్నానికే కెప్టెన్‌కు చెప్పాలి. పావుగంట దాటితే ఉన్నవారితో ఆట మొదలుపెట్టాలని, అర్ధగంట దాటితే మ్యాచ్ ఎదుటివారిదని ముందే నిర్ణయించుకుంటే మనస్పర్థలుండవు.

గాలి, పడమటి ఎండ ఒకే జట్టును ఇబ్బంది పెట్టకుండా కోర్టులు మారాలి. ఎన్ని పాయింట్లకు మారాలో స్కోరు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. వాన పడి బంతి తడిస్తే బరువెక్కుతుంది, బ్యాట్ నరాలు దెబ్బతింటాయి. ఆపడమే మంచిది. ఆగిన స్కోరు దగ్గరి నుంచే మర్నాడు కొనసాగించాలి.

కోర్టులో పిలుపు కూడా ఆటలో భాగమే. పదో తరగతి కుర్రవాడు, పదవీ విరమణ చేసిన మాస్టారు ఒకే జట్టులో ఆడే ఆట ఇది. ‘బాబాయ్, మీది’ అన్న కేకలో ఆటా ఉంది, మర్యాదా ఉంది. బ్యాట్లు తగులుకోకుండా ఉండాలంటే బంతి ఎవరిదో గట్టిగా చెప్పాలి. పెద్దవాడన్న మొహమాటంతో కుర్రవాడు నోరు మెదపకపోతే పాయింటు పోతుంది. పొరపాటు చేసిన కొత్తవాడిని పేరు పెట్టి ఎగతాళి చేయడం, కులం పేరో ఊరి పేరో ఎత్తి కేకలేయడం ఎంత మాత్రం సహించరాదు. ఆ మాట అన్నవారిని ఆ మ్యాచ్ నుంచే తప్పించాలి. మ్యాచ్ మీద పందేలు కాసే లీగ్‌లో ఈ మర్యాదలేవీ నిలవవు. డబ్బు కాసినవాడికి చేయి ఎత్తిన ఆటగాడు శత్రువుగా కనిపిస్తాడు.

తగవు వస్తే..

ఎంత జాగ్రత్తపడినా తగవు రాకపోదు. అప్పుడు కెప్టెన్లు ఇద్దరే మాట్లాడాలి. మిగతా ఎనిమిది మంది తమ తమ స్థానాల్లోనే ఉండాలి. ఇద్దరూ తేల్చుకోలేకపోతే ఆ పాయింటును మళ్లీ ఆడాలి. అంతకు మించిన ఫిర్యాదులను, ఆ రోజు ఆడని జట్ల నుంచి ముందే ఎన్నుకున్న ముగ్గురు పెద్దలు వినాలి. తీర్పు ఆ రాత్రికే పుస్తకంలోకి ఎక్కాలి. రాత్రి దాటిన తగవు రచ్చబండకు చేరుతుంది. అక్కడికి చేరినది మళ్లీ కోర్టుకు రాదు.

మ్యాచ్ ముగిశాక పది మందీ నెట్ దగ్గర చేతులు కలపాలి. స్కోరు పుస్తకంలో ఓడిన కెప్టెన్ ముందుగా సంతకం చేయాలి. గెలిచిన జట్టు టీ ఇప్పించాలి. నెట్ విప్పి చుట్టడం, బంతులు లెక్కపెట్టడం రెండు జట్ల పని. 28-28 దగ్గర చేయి ఎత్తి ‘నాకు తగిలింది’ అన్నవాడు ఆ రోజు ఓడిపోవచ్చు. మర్నాడు సాయంత్రం అదే స్తంభాలకు మళ్లీ నెట్ కట్టే వీలుండేది మాత్రం అతని వల్లే.