కంటికి ఒక్కడే కరీం, కంప్యూటర్‌కు ఇద్దరు

అల్లాహ్ తొలి వహీలోనే కలం ప్రస్తావన తెచ్చాడు. ఆనాటి నుంచి అక్షరాన్ని తప్పు పోకుండా కాపాడుకోవడం ముస్లింలు తమ బాధ్యతగా భావిస్తూ వచ్చారు. తొలినాళ్ళ అరబీ రాతలో బే, తే, సే అక్షరాలకు చాలావరకు చుక్కలు ఉండేవి కావు. ఇస్లాం అరబ్బేతర దేశాలకు వ్యాపించాక, చదవడంలో పొరపాట్లు దొర్లుతాయన్న భయంతో చుక్కలు, జేర్ జబర్ పేష్ గుర్తులు స్థిరపడ్డాయి. ఇప్పుడు అదే అక్షరం సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. జాగ్రత్త మాత్రం వెంట రాలేదు.

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. 1987లో వచ్చిన అరబీ కంప్యూటర్ ప్రమాణంలో అరబీ అక్షరాలకే చోటు దొరికింది. పే, చే, గాఫ్ లేవు. ఇక మన టే, డాల్ సంగతి చెప్పనక్కరలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ ఈ కొరత తీర్చింది. అందులో 1536 నుంచి 1791 వరకు 256 స్థానాలను అరబీ లిపికి కేటాయించారు. తర్వాత మరికొన్ని చోట్లు కూడా చేరాయి.

ఇందులో ఒక మంచి నియమం ఉంది. అంకె అక్షరానికే గాని ఆకారానికి కాదు. బే ఒంటరిగా ఒకలా, పదం మొదట, నడుమ, చివర మరోలా ఉంటుంది కదా! ఎక్కడున్నా దాని అంకె 1576 మాత్రమే. ఆకారం మార్చే పని ఫాంటుది. తెలుగులో క కింద వత్తుగా చేరినా క అయినట్లే ఇదీను.

చిక్కంతా కాఫ్, యే, హేలతో వచ్చింది. అరబీ కాఫ్ అంకె 1603, ఉర్దూ కాఫ్ అంకె 1705. అరబీ యే 1610, ఉర్దూ యే 1740. పదం చివర వీటి రూపాలు వేరు గనుక విడివిడిగా అంకెలిచ్చారు. అది సబబే. కానీ పదం మొదట, నడుమ ఇవి అచ్చం ఒకేలా కనిపిస్తాయి. తెలుగు గ, కన్నడ గ దాదాపు ఒకేలా ఉన్నా అంకెలు వేరైనట్లే.

'కరీం' అనే పేరునే తీసుకోండి. అరబీ కీబోర్డుతో కొడితే 1603, 1585, 1610, 1605. ఉర్దూ కీబోర్డుతో కొడితే 1705, 1585, 1740, 1605. కాగితం మీద రెండింటికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. మదర్సా విద్యార్థుల పట్టికను సగం ఒక ఉస్తాద్ అరబీ కీబోర్డుతో, సగం మరొకరు ఉర్దూ కీబోర్డుతో తయారుచేశారనుకోండి. 'కరీం' అని వెదికితే కొందరు కరీంలే దొరుకుతారు. మిగతావారు పట్టికలో ఉండి కూడా లేనట్లే! కొన్ని వెదికే యంత్రాలు ఈ తేడాను సర్దుకుంటాయి, కానీ అన్నిటి మీదా ఆధారపడలేం. మస్జిద్ నికాహ్ వివరాలు, వక్ఫ్ ఆస్తుల జాబితాలు కంప్యూటర్‌లో ఎక్కించేవారు దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. మొదటి రోజే ఒక కీబోర్డు నిర్ణయించుకుని అందరూ దానినే వాడాలి.

ఉర్దూ ముద్రణాలయాలకు సుపరిచితమైన ఇన్‌పేజ్ 1994లో వచ్చింది. దాని పాత ఫైళ్ళలో అంకెల పద్ధతే వేరు. యూనికోడ్‌లోకి మార్చకుండా మరోచోట అతికిస్తే పిచ్చిగీతలే వస్తాయి.

దివ్యఖుర్ఆన్ విషయం మరీ సున్నితం. ఖడీ జబర్, వక్ఫ్ గుర్తులు, ఆయత్ ముగింపు గుర్తు... వీటికి వేర్వేరు అంకెలున్నాయి. ఒక్కటి జారినా వాక్యం చూడటానికి బాగానే ఉండవచ్చు, ఖిరాఅత్ మాత్రం తప్పుతుంది. అందుకే పరిశీలించిన యూనికోడ్ ప్రతిని అందించేందుకు 2007లో తంజీల్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఆహ్వాన పత్రికల మీద, పోస్టర్ల మీద ఆయత్‌ను సొంతంగా టైపు చేయడం మానాలని నా అభిప్రాయం. సరిచూసిన ప్రతి నుంచి తీసుకుని, అచ్చుకు ముందు ముస్‌హఫ్‌తో మరోసారి పోల్చాలి. ఫాంటులో ఏదైనా గుర్తు లేకపోతే అక్కడ ఖాళీ గడి వస్తుంది. అలాంటి ప్రతిని అచ్చుకు పంపకూడదు.

మహాప్రవక్త (సఅసం) పేరు తర్వాత రాసే దరూద్‌కు మాత్రం యూనికోడ్‌లో మొత్తంగా ఒకే అంకె ఉంది, 65018. బిస్మిల్లాహ్‌కు 65021.

మీ ఫోన్‌లో ఏ కీబోర్డు ఉందో ఇప్పుడే చూసుకోవచ్చు. కాఫ్ ఒక్కదాన్నే కొట్టండి. దాని కడుపులో చిన్న హంజా లాంటి గుర్తు కనిపిస్తే అది అరబీ కాఫ్. పైన ఏటవాలు గీత ఉంటే ఉర్దూది. అలాగే పదం చివరి యే కింద రెండు చుక్కలుంటే అరబీది, లేకుంటే ఉర్దూది.