పరీక్షల వేళ కడుపునొప్పి: పేగు గోడలో ఏం జరుగుతోంది?

పరీక్షల కాలం వచ్చిందంటే, బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు. సాకు అని ఇంట్లో, చదవక భయం అని బడిలో తేల్చేస్తుంటాం. భయం కడుపుదాకా ఏ దారిన వెళ్తుందో మాత్రం ఆలోచించం. ఆ దారిలో ఉన్నవి గ్లియా కణాలు. పాఠ్యపుస్తకంలో నాడీకణానికి దొరికినంత చోటు వీటికి దొరకదు.

అన్నవాహిక నుంచి మలద్వారం దాకా జీర్ణనాళం గోడలో కోట్లాది నాడీకణాల వల పరచుకొని ఉంటుంది. మెదడు ఆదేశం కోసం ఆగకుండా తిన్నదాన్ని ముందుకు నెట్టేది ఈ వలే. ఆ నాడీకణాలను చుట్టుకొని ఉండేవి గ్లియా. గ్రీకులో ఆ మాటకు జిగురు అని అర్థం. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు విర్కో మెదడు కణాలకు ఈ పేరు పెట్టినప్పుడు, నాడీకణాలను అతికించి ఉంచడమే వీటి పని అనుకున్నారు. మెదడు గ్లియాలో ఉండే ఒక ప్రొటీన్ పేగు కణాల్లోనూ ఉందని జెస్సెన్, మిర్‌స్కీ 1980లో చూపించారు. ఆ తర్వాతే పేగు గ్లియా మీద పరిశోధన ఊపందుకుంది.

1998లో ఒక ప్రయోగం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. జన్యుమార్పు చేసిన ఎలుకలకు రెండు వారాలు మందిచ్చి పేగు గ్లియాను చంపితే, చిన్నపేగు వాచి, లోపల రక్తం కారి ఎలుకలు చనిపోయాయి. సూక్ష్మజీవులు పెరిగిపోవడం దీనికి కారణం కాదని కూడా తేలింది. అయితే 2017లో అమెరికాలో మీనాక్షి రావు బృందం మరో పద్ధతిలో గ్లియాను తొలగిస్తే పేగు పొర చెక్కుచెదరలేదు. ఆడ ఎలుకల్లో పేగు కదలికలు మారాయి, అంతే. ఈ వాదం ఇంకా తెగలేదు. మా మటుకు మాకు, గ్లియాను తీసేస్తే ఏమవుతుందన్న దానికన్నా, అవి ఉన్నచోట ఏం చేస్తున్నాయని చూసిన ప్రయోగాలే ఎక్కువ చెప్పాయనిపిస్తుంది.

2016లో లిస్బన్ శాస్త్రవేత్తలు గ్లియా సూక్ష్మజీవుల జాడ పసిగట్టి, పక్కనున్న రోగనిరోధక కణాలకు కబురు పంపుతుందని కనుగొన్నారు. ఆ కబురు అందుకున్న కణాలు పేగు పొరను కాపాడే పదార్థాన్ని విడుదల చేస్తాయి. 2021లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థలో ఎలుకలకు నులిపురుగు ఎక్కించి చూశారు. పురుగు గోడలో దూరినప్పుడు వచ్చే ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని గ్లియా అందుకోలేకపోతే గాయం సరిగా మానలేదు. అది ఎలుకల్లో బతికే పురుగు, మన పిల్లల కడుపులోది వేరు. అయినా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో అల్బెండజోల్ మాత్ర ఇచ్చేటప్పుడు, పేగు గోడలో ఇంత కాపలా ఉందని చెబితే పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

ఇక ఒత్తిడి సంగతి. 2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో క్రిస్టోఫ్ థైస్ బృందం ఆ దారిని అడుగడుగునా గుర్తించింది. ఒత్తిడి కలిగితే అడ్రినల్ గ్రంథులు గ్లూకోకార్టికాయిడ్ హార్మోన్లు వదులుతాయి. వాపు తగ్గడానికి డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు ఈ జాతివే. కొద్దికాలం ఉంటే అవి వాపును అణుస్తాయి. ఎలుకల్లో ఒత్తిడి రోజుల తరబడి సాగినప్పుడు మాత్రం కథ తిరగబడింది: ఆ హార్మోన్లకు కొన్ని గ్లియా కణాలు స్వభావం మార్చుకొని, వాపు పెంచే తెల్లరక్తకణాలను పిలిచాయి. నాడీకణాలు మందగించి పేగు కదలిక కూడా తగ్గింది. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ రోగుల వివరాల్లోనూ ఒత్తిడికీ వాపుకూ సంబంధం కనిపించింది.

దీన్నిబట్టి పరీక్ష రోజు నొప్పి ప్రతిదీ పేగు వాపే అని కంగారు పడనక్కర్లేదు. చాలామంది పిల్లల్లో అది పరీక్షతోనే పోతుంది. బడి మరుగుదొడ్డికి వెళ్లడం ఇష్టంలేక ఆపుకొని మలబద్ధకం తెచ్చుకొనే పిల్లలూ ఉంటారు. వాళ్లను ముందు ఆ సంగతే అడగాలి. కానీ మలంలో రక్తం, తగ్గుతున్న బరువు, ఆగిన ఎదుగుదల, మాటిమాటికీ జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి, వారాల తరబడి విరేచనాలు... వీటిలో ఏది కనిపించినా పరీక్షలు అయ్యేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. నొప్పి ఏ రోజు, ఏ వేళ వచ్చిందో, సెలవుల్లో కూడా వచ్చిందో లేదో అమ్మానాన్నలు ఇంట్లో, ఉపాధ్యాయులు బడిలో ఒక కాగితం మీద రాసి ఉంచితే, ఆ కాగితం డాక్టరుకు బాగా పనికొస్తుంది.